నాన్నగారి కొలతల పుస్తకం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పదకొండు రచనలూ అందాయి. మొదట ఏకబిగిన చదివాను, తరవాత పెన్సిలు పట్టుకుని మళ్లీ చదివాను. అందుకే జవాబు ఆలస్యమైంది. "నా సొంత కబుర్లు ఎవరికి కావాలండీ? ఊరూ పేరూ తెలియని మనిషి వాటిని ఎందుకు చదవాలి?" అని అడిగావు. నలభై ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న అది. రెండు ముక్కల్లో తేల్చి పంపడానికి మనసొప్పలేదు.

నీకు కష్టంగా తోచే మాట ముందే చెప్పేస్తాను. ఆ పదకొండు రచనలకంటే వాటితో జతచేసిన ఉత్తరమే బాగుంది. టైలరింగు షాపు మూసేసి రెండేళ్లయినా నాన్నగారు పొద్దున తొమ్మిదయ్యేసరికి జేబు తడుముకుంటారనీ, తాళంచెవి అక్కడ ఉండదని గుర్తొచ్చి పేపరు మడత విప్పుతారనీ ఉత్తరంలో రాశావు. అది చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. తెనాలిలో మీ ఇల్లు, ఆ వరండా, ఆ జేబు నాకు కనబడ్డాయి. అదే షాపు గురించి విడిగా రాసిన నాలుగు పేజీల్లో ఆయన కోసం ఎంత వెతికినా దొరకలేదు. "బాల్యపు మధుర స్మృతులు" దొరికాయి. "కాలగర్భంలో కలిసిపోయిన రోజులు" దొరికాయి.

ఒకే మనిషి, ఒకే విషయం మీద రాసిన రెండు కాగితాల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందా అని ఆలోచించాను. ఉత్తరం రాసేటప్పుడు నీ ఎదుట నేనున్నాను. మీ షాపు మెట్లెక్కని, నాన్నగారిని ఎన్నడూ చూడని ఒక పెద్దమనిషికి ఏది చెబితే సంగతి తెలుస్తుందో అది చెప్పావు. రచన అనేసరికి ఎదుట పాఠకులనే గుంపు నిలబడింది. గుంపుకు ముఖం ఉండదు. దానితో ఏం మాట్లాడాలో తోచక గొంతు పెంచావు, మాటలకు పట్టుబట్టలు కట్టావు. ఇకనుంచి కాగితం ముందు కూర్చోగానే ఎవరికి చెబుతున్నావో ఒక మనిషిని తేల్చుకో. చిన్ననాటి స్నేహితురాలు కావచ్చు, దూరదేశంలో ఉన్న తమ్ముడు కావచ్చు. ఆ మనిషికి తెలిసినది విడిచిపెట్టు, తెలియనిది ఓపికగా చెప్పు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత చెప్పాలో, ఏ మాట వాడాలో సగానికి సగం అక్కడే తేలిపోతాయి.

నాకు ఈ సంగతి తెలిసింది ఏనుగుల వీరాస్వామయ్యగారి వల్ల. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం చేసేవారు. 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరారు. హైదరాబాదు, నాగపూరు, అలహాబాదు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ కూడా చూసుకుని 1831 సెప్టెంబరు 3న మద్రాసుకు తిరిగొచ్చారు. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైగారికి ఎప్పటికప్పుడు రాసి పంపుతూ వచ్చారు. 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినవి అవే. అప్పటికి రాసిన మనిషి లేరు. చదివిన స్నేహితుడే పూనుకుని అచ్చు వేయించారు.

వీలైతే ఆ పుస్తకం సంపాదించు. ఫలానా ఊళ్లో దిగడానికి చోటుందా, నీళ్లు మంచివేనా, అంగళ్లలో ఏ సరుకులు దొరుకుతాయి, దారి రాళ్లదా ఇసుకదా, ఏరు దాటడం ఎలా అంటూ మజిలీ వెంట మజిలీ సాగుతుంది. రేపు స్నేహితుడు ఇదే దారిన వస్తే ఇబ్బంది పడకూడదన్న తాపత్రయం ప్రతి పేజీలోనూ కనబడుతుంది. పదిహేను నెలల ప్రయాణంలో గొప్ప సంఘటనలు జరిగిన రోజులు ఎన్నో ఉండవు. మిగతావన్నీ ఎండలో ప్రయాణం చేసి, వంట చేసుకుని, పడుకున్న రోజులే. వాటినీ ఆయన వదలలేదు. నాకు ఆ దారిన వెళ్లే పని లేదు. రెండు వందల ఏళ్లలో ఆ దారులే మారిపోయాయి. అయినా ఈ పూట వీళ్లకు మంచినీళ్లు దొరికాయో లేదో తెలుసుకుందామని పేజీ తిప్పుతాను. మధ్యలో ఆయన ఆగి దేవుడి గురించి, ఆచారాల గురించి, కంపెనీ పాలన గురించి తన అభిప్రాయాలు చెబుతారు. వాటిలో నేను ఒప్పుకోనివి చాలా ఉన్నాయి. అయినా వింటాను. అప్పటికే ఆయనతో కలిసి వందల మైళ్లు నడిచి ఉంటాను కదా! నువ్వేమో ప్రతి రచనలోనూ మొదటి పేరాలోనే అభిప్రాయం చెప్పేస్తున్నావు. నాలుగడుగులు నడిపించి చెప్పు, వింటారు.

ఇక నీ నాలుగు పేజీల్లో నన్ను పట్టి ఆపిన ఒకే ఒక్క వాక్యం గురించి. నాన్నగారి కొలతల పుస్తకంలో ప్రతి ఒక్కరి పేజీకీ వాళ్ల గుడ్డ ముక్క ఒకటి గుండుసూదితో గుచ్చి ఉండేదని రాశావు. రాసి, మరుక్షణమే కాలం ఎంత కఠినమైనదో చెప్పడానికి వెళ్లిపోయావు. అయ్యో అమ్మా, అక్కడ ఆగాలి కదా!

నాకు బట్టలు కుట్టిన టైలరుగారి దగ్గర కూడా అలాంటి పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోతే ప్యాంటు గుడ్డతోనే అట్ట కుట్టుకున్నాడు. కొత్తగా కొలతలు తీసినప్పుడల్లా పాత అంకె మీద అడ్డగీత కొట్టి పక్కన కొత్తది వేసేవాడు. ఒకసారి ఆయన టేపు కోసం వెతుకుతుంటే నా పేజీ చూశాను. నడుము 28తో మొదలై 30, 32, 34, 36 దాకా వెళ్లింది. ఆ తరవాత ఒక్కసారిగా 33. అది మా ఇంట్లో ఆవిడ పోయిన ఏడాది. ఆయన ఏమీ అడగలేదు. చెవి మీది పెన్సిలు తీసి ఆ అంకె వేసుకుని, "లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుడతాను బాబుగారూ, ఒళ్లు వచ్చాక విప్పుకోవచ్చు" అన్నాడు. నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్లు ఆ ఏడాది ఎన్నో మాటలు చెప్పారు. నాకు గుర్తున్నది ఆ రెండంగుళాల గుడ్డే.

నాన్నగారి పుస్తకంలో అలాంటి పేజీలు ఎన్ని ఉన్నాయో! పెళ్లికి కుట్టించుకున్న సూటు గుడ్డ ఎవరిది? పండగ పండగకూ పిల్లల కొలతలు పెరుగుతూ వచ్చిన కుటుంబం ఏది? కుట్టమని ఇచ్చి మళ్లీ రానివాళ్లున్నారా? వాళ్ల బట్టలు ఎన్నాళ్లు ఉంచారు? నీకు మాత్రమే తెలిసిన సంగతులు అవి. కాలం కఠినమైనదన్న సంగతి చదివేవాళ్లకు నీకంటే ముందే తెలుసు.

భాష గురించి కొంచెం. "బొత్తాల రంధ్రాలు" అని రాశావు. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అన్నారా? కాజాలు అనే కదా అంటారు! కాలరులో పెట్టే బక్రం, కచ్చా కుట్టు, కత్తిరింపుల మూట, గుడ్డ మీద గీసే సుద్ద, పండగ ముందు రాత్రుళ్లు కాజాలు కుట్టడానికి వచ్చే కుర్రాడు, ఇవన్నీ నీకు పుట్టినప్పటినుంచీ తెలిసిన మాటలు. అచ్చులో బాగుండవేమోనని వాటిని దాచిపెట్టి, ఎక్కడో చదివిన మాటలు తెచ్చిపెట్టుకున్నావు. ఒక వృత్తి మాటలు ఆ ఇంటి పిల్ల నోట వినడం చదివేవాడికి ఎంత ఇష్టంగా ఉంటుందో నీకింకా తెలియదు. అర్థం కాదేమోనన్న భయం వద్దు. పని చూపిస్తే మాట దానంతట అదే తెలుస్తుంది.

మీ వదినగారి గురించి రాసింది మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టు. బాగా రాశావు, అందుకే చెబుతున్నాను. నా తొలి రోజుల్లో మా పక్కింటి అన్నదమ్ముల పంపకాల గొడవను ఒక వారపత్రికకు రాశాను. పేర్లు మార్చాను. మిగతాదంతా ఉన్నదున్నట్టే దించాను. పెరట్లో లేచిన గోడ, వాటా కుదరక మధ్యలోనే ఉండిపోయిన బావి, ఎవరి చేద వాళ్లదే కావడం, అన్నీ. ఆ ఇంటి పెద్దావిడ చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి. పత్రిక చేతబట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి, "బాగానే రాశావు నాయనా" అని వెనుదిరిగింది. మళ్లీ మా గడప తొక్కలేదు. క్షమించమని అడగడానికి రెండుసార్లు వెళ్లాను. మంచినీళ్లిచ్చి, వానల గురించి మాట్లాడి పంపింది. ఆ రచనను ఆ తరవాత నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఆవిడ ఆ వాకిట్లో నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

సొంత సంగతులు రాస్తున్నామనుకుంటాం కానీ, వాటిలో సగం పక్కవాళ్లవే. నాన్నగారి గురించి రాసిన ప్రతిదీ ముందు ఆయనకే చదివి వినిపించు. ఇది వద్దమ్మా అంటే తీసెయ్యి. అయితే చాలాసార్లు వద్దనరు, సరిచేస్తారు. అది సంక్రాంతి కాదు, రంజాను ముందు వారం అంటారు. ఆ మిషను కొన్నది అప్పుచేసి అంటారు. నువ్వు అడగని కథ ఇంకొకటి చెబుతారు. రాసిన దానికంటే వినిపించినప్పుడు వచ్చినదే బాగుండటం నాకెన్నోసార్లు అనుభవం.

పైకి చదవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఎక్కడ నీ గొంతు నీకే కొత్తగా వినబడుతుందో అక్కడ పెన్సిలు గీత పెట్టు. నీ కాగితాల్లో నేను పెట్టిన గీతలు కూడా అలాంటి చోట్లే. తొమ్మిది రచనల్లో చివరి పేరా మొత్తం కొట్టేశాను. నీతి చెప్పే పేరాలవి. కోపం తెచ్చుకోకుండా అవి లేకుండా ఒకసారి చదివి చూడు. హాస్టలు గురించి రాసినది, చివరి పేరా తీసేశాక, ఖాళీ మంచం దగ్గర ఆగుతుంది. ఎంత బాగుందో!

వారానికి ఒకటి రాయగలిగితే చాలు. ఏమీ జరగని వారం కూడా రాయి. చేతికి పని మరిచిపోనివ్వకూడదు. నాన్నగారిని అడిగితే నాకంటే బాగా చెబుతారు.

ఒక చిన్న పని అప్పజెబుతున్నాను. ఆ కొలతల పుస్తకం ఇంకా ఇంట్లోనే ఉంటే, ఆయన పక్కన కూర్చుని చివరి పేజీ తీయించు. అది ఎవరిదో, గుచ్చిన గుడ్డ ముక్క ఏ రంగో, ఆ బట్టలు వాళ్లు తీసుకెళ్లారో లేదో అడుగు. ఆయన చెబుతున్నంతసేపు ఏమీ రాసుకోకు, విను. రాత్రికి నాకొక ఉత్తరం రాయి. రచన అనుకోవద్దు, ఉత్తరమనే అనుకో. ఆ రంగేమిటో తెలుసుకోవాలని నిజంగానే ఎదురుచూస్తుంటాను.

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో