ముందు చేపను ఎంచుకోండి, ట్యాంకు సైజు తర్వాత

ప్రశ్న: కొన్నేళ్లుగా రెండడుగుల ట్యాంకులో గోల్డ్‌ఫిష్ పెంచుతున్నాను. ఇప్పుడు ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని గట్టిగా ఉంది. ఒక జత క్లౌన్ ఫిష్, ఒక బ్లూ టాంగ్, ఒక సీ అనిమోన్ (క్లౌన్ ఫిష్ దాక్కునే, పువ్వులా కనిపించే సముద్ర జీవి), అంతే నా కోరిక. ఉన్న ట్యాంకే సరిపోతుందని కొందరంటున్నారు, చిన్నదాంట్లో చేయి తిరిగాక పెద్దది కొనుక్కోమని ఇంకొందరంటున్నారు. ఏ సైజు తీసుకోవాలి? ఏయే పరికరాలు లేకపోతే కుదరదు?

జవాబు: మీరు అడిగిన జాబితాలో బ్లూ టాంగ్ ఒక్కటి తీసేయండి, మిగతాదంతా సులువైపోతుంది. అమ్మేటప్పుడు అది బొటనవేలంతే ఉంటుంది, ఎదిగితే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పైగా రోజంతా ఈదుతూనే ఉండే చేప, దానికి కనీసం ఆరడుగుల పొడవు, 500 లీటర్లకు పైబడిన నీళ్లు కావాలి. ఇరుకులో పెడితే భయంతో బండల మధ్య నక్కుతుంది, ఒంటి మీద తెల్ల మచ్చల జబ్బు ఇట్టే పట్టుకుంటుంది. దయచేసి "పెద్దయ్యాక ట్యాంకు మారుద్దాంలే" అని మాత్రం కొనకండి. క్లౌన్ జత విషయం వేరు, అవి తాము చూసుకున్న మూల వదిలి పెద్దగా తిరగవు, 100 లీటర్లలోనూ హాయిగా బతుకుతాయి. వాటికి అనిమోన్ ఉండి తీరాలన్న నియమమూ లేదు. అనిమోన్ పెట్టాలనే ఉంటే ట్యాంకు కనీసం ఆరు నెలలు నిలకడగా నడిచాక, మంచి లైటు ఉన్నాక పెట్టండి.

ఇక సైజు. చిన్నదాంతో నేర్చుకోవాలన్న సలహాతో నేను ఏకీభవించను, ఎందుకంటే ఉప్పునీటిలో చిన్న ట్యాంకే కష్టమైనది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. 60 లీటర్ల ట్యాంకులో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉందనుకోండి, 2 లీటర్లు ఆవిరైతే అది 36.2కి ఎక్కుతుంది. అదే 270 లీటర్ల ట్యాంకులో ఇంకొంచెం ఎక్కువగా 3 లీటర్లు పోయినా 35.4 దగ్గరే ఆగుతుంది. వేడి సంగతీ అంతే, ఎక్కువ తిండి వేసినప్పుడు పెరిగే అమ్మోనియా సంగతీ అంతే. నీళ్లు ఎక్కువుంటే మన పొరపాటు చేపదాకా చేరడానికి టైమ్ పడుతుంది, ఆలోపు మనం చూసి సరిదిద్దుకోవచ్చు. అందుకే నాలుగడుగుల ట్యాంకు తీసుకోండి: 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు. లెక్కకు 270 లీటర్లు, బండలు ఇసుక పోను నికరంగా 220, 230 వస్తాయి. ఎత్తు మరీ పెంచకండి, అడుగున చేయి అందకపోతే శుభ్రం చేయడం నరకం, అదీకాక నీటి పైభాగం విశాలంగా ఉంటేనే గాలి బాగా కలుస్తుంది.

కొనే ముందు బరువు లెక్కేసుకోండి. ఉప్పునీరు లీటరుకు కిలో కన్నా కాస్త ఎక్కువే తూగుతుంది. దానికి అద్దం, ఇసుక, బండలు, స్టాండు, కింద ఇంకో తొట్టి పెడితే దాని నీళ్లు కలిపితే 400 కిలోలు దాటుతుంది. మామూలు టేబుల్ మీద పెట్టే వస్తువు కాదు. పై అంతస్తులో ఉంటే గది మధ్యలో కాకుండా బరువు మోసే గోడను ఆనించి పెట్టండి, అనుమానం ఉంటే ఇంజనీరును అడగండి.

పరికరాల్లో నేను అన్నిటికంటే ముందు డబ్బు పెట్టమనేది ప్రొటీన్ స్కిమ్మర్ మీద. మంచినీటి ట్యాంకులో దీని అవసరం మీకు రాలేదు, అక్కడ సరిగ్గా పనిచేయదు కూడా. ఉప్పునీటిలో గాలి బుడగలు చాలా సన్నగా పుడతాయి, చేపల మలం, మిగిలిన తిండి నుంచి కరిగిన జిడ్డు ఆ బుడగలకు అంటుకుని నురగగా పైకెక్కి కప్పులో పడుతుంది. కొద్ది రోజులకు కప్పు తీసి చూడండి, ముదురు టీ రంగులో చిక్కటి ద్రవం, ముక్కు మూసుకోవాల్సిన వాసన. అదంతా కుళ్లి అమ్మోనియాగా మారక ముందే నీళ్లలోంచి బయటికొచ్చేసిందన్నమాట. పెట్టె మీద రాసిన సామర్థ్యం మీ నీళ్ల కంటే కొంచెం ఎక్కువున్నదే తీసుకోండి.

తర్వాత బండలు. అవి అలంకారం కాదు, అసలు ఫిల్టర్ అవే. వాటి సన్నటి రంధ్రాల్లో చేరే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మీ సైజుకు 25 కిలోల దాకా చాలు, గోడలా పేర్చకుండా నీరు మధ్యలోంచి పారేలా గుహలుగా పేర్చండి. నీటిని కదిలించడానికి వేవ్‌మేకర్లు రెండు, ఎదురెదురుగా. గంటకు ట్యాంకు నీళ్లకు 10 నుంచి 20 రెట్లు కదిలితే మీ చేపలకు సరిపోతుంది. హీటర్ అవసరమైన చోట ఒక పెద్దది కాకుండా రెండు చిన్నవి పెట్టండి, ఒకటి ఆగకుండా నడిచినా నీళ్లు ఉడికిపోవు. వేడి ఎక్కువైతే ముందు నీటిపై ఫ్యాన్ పెట్టి చూడండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది (ఆవిరి పెరుగుతుంది, మంచినీళ్లు ఎక్కువసార్లు పోయాలి), అప్పటికీ 25, 26 డిగ్రీల దగ్గర నిలవకపోతేనే చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం. ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటర్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ టెస్ట్ కిట్లు తప్పనిసరి. కుళాయి నీళ్లలో కరిగి ఉన్నవాటిని తీసేసే ఆర్వో డీఐ ఫిల్టర్ కూడా. కుళాయి నీళ్లలోని ఫాస్ఫేట్, లోహాలు మొదటి నెలల్లోనే నాచు రూపంలో కనబడతాయి.

వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో ఉండే మెగ్నీషియం, కాల్షియం వంటివన్నీ కలిపి అక్వేరియంల కోసం తయారుచేసే ఉప్పే కావాలి.

మీ పాత రెండడుగుల ట్యాంకు మాత్రం పారేయకండి. కొత్త చేపను నాలుగు వారాలు విడిగా ఉంచి జబ్బులేమైనా ఉన్నాయేమో చూడటానికి అంతకంటే మంచిది దొరకదు. రాగి ఉన్న మందు వేయాల్సివచ్చినా అందులోనే వేయాలి, పెద్ద ట్యాంకులో వేస్తే అనిమోన్, రొయ్యలు, నత్తలు బతకవు.

అన్నీ అమర్చాక చేప వేయడానికి తొందరపడకండి. బండల్లో బ్యాక్టీరియా పెరగడానికి కాస్త అమ్మోనియా వేసి, అది, దాంతోపాటు నైట్రైట్ ఒక్క రోజులో సున్నాకు వచ్చే దాకా ఆగండి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ప్రశ్న: ట్యాంకు కింద సంప్, అంటే పై ట్యాంకు నీళ్లు దిగి పంపుతో మళ్లీ పైకెక్కే ఇంకో తొట్టి, పెట్టుకోమంటున్నారు. కరెంటు పోతే పైనుంచి నీళ్లన్నీ దిగి ఇల్లంతా మునుగుతుందేమోనని టెన్షన్. నిజంగా అవసరమా?

జవాబు: తప్పనిసరి కాదు, కానీ చోటుంటే పెట్టుకోమనే అంటాను. స్కిమ్మర్, హీటర్ అందులో దాక్కుంటాయి, మొత్తం నీళ్లు పెరుగుతాయి, ఆవిరైన నీటి లోటు సంప్‌లోనే కనబడుతుంది కాబట్టి పై ట్యాంకులో మట్టం మారదు.

మీ భయానికి జవాబు చిన్న లెక్కలో ఉంది. 120 బై 45 ట్యాంకులో ఒక్క సెంటీమీటరు నీళ్లంటే 5.4 లీటర్లు. నీళ్లు తిరిగొచ్చే పైపు మూతి 3 సెంటీమీటర్ల లోతులో ఉంటే, పంపు ఆగగానే అదే పైపు గుండా 16 లీటర్లు వెనక్కి దిగుతాయి, పైపుల్లో ఉన్నవి అదనం. మూతిని ఉపరితలానికి ఆనుకుని పెడితే ఇది బాగా తగ్గుతుంది. నీటి మట్టం దగ్గర పైపుకు చిన్న రంధ్రం వేస్తే గాలి చొరబడి లాగడం ఆగుతుంది, కాకపోతే ఆ రంధ్రంలో నాచు పట్టకుండా చూసుకోవాలి. నీటిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌ను మాత్రం నమ్ముకోకండి, చిన్న నత్త ఇరుక్కుంటే చాలు, అది మూసుకోదు.

పెట్టిన రోజే పంపు స్విచ్ ఆపి చూడండి. నీళ్లన్నీ దిగి ఆగాక సంప్ అంచుకు ఇంకా చోటు మిగలాలి. మళ్లీ పంపు వేసి, నడుస్తున్నప్పుడు నీళ్లు ఎక్కడున్నాయో అద్దం మీద మార్కర్‌తో గీత గీయండి, ఆ గీత దాటి ఎప్పుడూ నింపకండి. పంపు కొనేటప్పుడు గంటకు ఇన్ని లీటర్లని రాసినది పైకి ఎక్కించని లెక్క, మీటరున్నర ఎత్తుకు ఎక్కిస్తే బాగా తగ్గిపోతుంది, కాబట్టి పెట్టె మీది గ్రాఫు చూసి తీసుకోండి.

ప్రశ్న: ఇప్పుడు చేపలే, పగడాలు తర్వాతెప్పుడో. ఖరీదైన లైటు ఇప్పుడే కొనేయనా?

జవాబు: వద్దు. చేపలకు మామూలు లైటు చాలు, ఎక్కువ వెలుగు నాచుకే లాభం. ఆ డబ్బుతో మంచి స్కిమ్మర్ కొనండి, మిగిలితే కరెంటు పోయినప్పుడు దానంతట అదే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తీసుకోండి. నీళ్లు కదలకపోతే చేపలకు ముందు కరువయ్యేది ఆక్సిజనే. పగడాలు పెట్టే రోజు వచ్చినప్పుడు ఏ రకం పెడతారో తేల్చుకుని, దానికి తగ్గ లైటు అప్పుడు కొనండి. మెత్తటి పగడాలకు, గట్టి పగడాలకు కావాల్సిన వెలుగులో చాలా తేడా ఉంది.