ఆ పాత సిరీస్ పేరు 'మెన్ ఆఫ్ అనాపొలిస్', మీ బాబుకి తప్పకుండా చూపించండి

మీరు అడిగింది ఇదీ: మీ నాన్నగారు ఎప్పుడో చెప్పిన పాత అమెరికన్ టీవీ సిరీస్, బ్లాక్ అండ్ వైట్, నేవీ ఆఫీసర్లు కాబోయే కుర్రాళ్ల కథలు, వారం వారం కొత్త మనుషులు. దాని పేరేమిటి, ఇప్పుడు చూడదగ్గదేనా, ఇంటర్ చదువుతూ ఎన్‌డీఏకి (మన సైనిక ఆఫీసర్లని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి) ప్రిపేర్ అవుతున్న మీ అబ్బాయికి పనికొస్తుందా అని.

పేరు 'మెన్ ఆఫ్ అనాపొలిస్'. అనాపొలిస్ అంటే అమెరికా నేవీ ఆఫీసర్లని తయారుచేసే అకాడమీ ఉన్న ఊరు. సిరీస్ 1957, 58 సంవత్సరాల్లో వచ్చింది. మొత్తం 39 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట, యాడ్లు తీసేస్తే ఇంకా తక్కువ. నాకు చాలా ఇష్టమైన సిరీస్. మీ అబ్బాయికి పనికొస్తుంది, కానీ ఇంటర్వ్యూలో చెప్పడానికి పాయింట్లు దొరుకుతాయని మాత్రం కాదు. అది వేరే సంగతి, చెప్తాను.

ముందు నా గురించి రెండు మాటలు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా సైనిక పాఠశాలలో చదివాను. ఎన్‌డీఏ రాత పరీక్ష పాసయ్యాను. భోపాల్‌లో ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ, ఐదు రోజులూ నెగ్గుకొచ్చి రికమెండ్ అయ్యాను. మెడికల్స్‌లో రంగులు సరిగ్గా కనిపిస్తాయో లేదో చూసే రంగు చుక్కల పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. చుక్కల మధ్య అంకెలు ఉంటాయి, చదవాలి. మూడు నాలుగు పేజీల్లో నాకు చుక్కలే కనిపించాయి. నేవీ అక్కడితో సరి. ఆ తర్వాత ఇంజనీరింగ్, ఉద్యోగం, చివరికి మేరీలాండ్. ఇప్పుడు మా ఇంటి నుంచి అనాపొలిస్ ఊరు ఇరవై నిమిషాల డ్రైవ్. మా పక్కింటి పెద్దాయన ఆ అకాడమీలోనే చదివి, నేవీలో చేసి రిటైరైన మనిషి. ఈ సిరీస్ డీవీడీలు నాకిచ్చింది ఆయనే.

నేవీలో ఎందుకు చేరారని ఒకసారి అడిగాను. యుద్ధం పేరో, వాళ్ల నాన్న పేరో చెబుతాడనుకున్నాను. "టీవీ" అన్నాడు. సముద్రం అన్నదే లేని ఊళ్లో పెరిగాడట. పదిహేనేళ్లప్పుడు ఈ సిరీస్ చూశాడు, 1960లో అకాడమీలో చేరాడు.

వాళ్ల ఊళ్లో అది ఒక పాల డెయిరీ వాళ్ల యాడ్లతో వచ్చేదట. ఇది నాకు వింతగా అనిపించింది. దేశమంతా ఒకే రోజు, ఒకే టైముకి వచ్చే ప్రోగ్రామే కాదు ఇది. తీసింది జివ్ అనే కంపెనీ. సిన్సినాటికి చెందిన ఫ్రెడరిక్ జివ్ రేడియో ప్రోగ్రాములతో మొదలుపెట్టి టీవీకి వచ్చాడు. ఎక్కువగా పెద్ద నెట్‌వర్కులకి కాకుండా ఊరూరా ఉన్న చిన్న స్టేషన్లకి విడివిడిగా అమ్మేవాడు. స్టేషన్ వాళ్లు తమకి వీలైన రాత్రి వేసుకునేవాళ్లు, మధ్యలో స్థానిక వ్యాపారుల యాడ్లు. 'హైవే పెట్రోల్', 'సీ హంట్' కూడా ఈ కంపెనీవే. అందుకే ఆ కాలం వాళ్లని అడిగితే ఒకరు మంగళవారం వచ్చేదంటారు, ఒకరు శనివారం అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇందులో హీరో లేడు. ఈ వారం చూసిన కుర్రాడు వచ్చే వారం కనిపించడు. మారనిది అకాడమీ ఒక్కటే: అవే గోడలు, అదే సెవర్న్ నది, అదే పరేడ్ గ్రౌండ్. చాలా భాగం అక్కడే తీశారు కాబట్టి అవి సెట్టింగులు కావు. మొదట్లో నాకు ఇది లోటుగానే అనిపించింది. మనకి ఒక మనిషిని పట్టుకుని కథ వెంట నడవడం అలవాటు కదా. నాలుగైదు ఎపిసోడ్లు అయ్యాక తెలిసింది, బడి అంటేనే అది. మనం వస్తాం, పోతాం, మన మంచం మీద ఇంకొకడు పడుకుంటాడు.

ఇంకో ముక్క, సినిమా పిచ్చి ఉన్నవాళ్ల కోసం. దీని నిర్మాత విలియం కాసిల్. రచయితల్లో ఒకరు రాబ్ వైట్, ఆయన స్వయంగా అనాపొలిస్‌లో చదివినవాడు. ఇద్దరూ కలిసింది ఈ సిరీస్ దగ్గరే. తర్వాత కాసిల్ ఇల్లు తాకట్టు పెట్టి ఆయనతో కలిసి 1958లో 'మకాబ్ర' అనే భయానక చిత్రం తీశాడు. సినిమా చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే వెయ్యి డాలర్ల బీమా ఇస్తామని ప్రచారం చేసిన సినిమా అదే. మరుసటి ఏడాది 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్'. ఇంత బుద్ధిమంతుల సిరీస్ తీసిన చేతులే ఆ దెయ్యాల కొంపనీ తీశాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

జివ్ వాళ్లే ఒక ఏడాది ముందు ఆర్మీ అకాడమీ మీద 'ది వెస్ట్ పాయింట్ స్టోరీ' తీశారు. అందులో కొన్ని ఎపిసోడ్లు రాసింది జీన్ రాడెన్‌బెరీ, తర్వాత 'స్టార్ ట్రెక్' సృష్టించినాయన. దొరికితే అదీ చూడండి. నాకైతే అనాపొలిసే ఎక్కువ నచ్చింది.

ఇక అసలు సంగతి. మిలిటరీ సిరీస్ కదా అని మీ అబ్బాయి తుపాకులు, సముద్రం మీద పోరాటాలు ఉంటాయనుకుని కూర్చుంటే నిరాశ పడతాడు. నేను చూసిన పదిహేను ఎపిసోడ్లలో నన్ను కదిలించినవన్నీ చిన్న విషయాలు. పరీక్ష, సీనియర్ మాట, రూమ్మేట్‌తో గొడవ, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం, నిజం చెప్పాలా వద్దా అన్న టెన్షన్. ఆ కుర్రాడి ముఖంలో మాత్రం ఓడ మునిగిపోతున్నంత బాధ ఉంటుంది. హాస్టల్లో పెరిగిన మాబోటి వాళ్లకి ఆ ముఖం తెలుసు.

నా సంగతే చెప్తాను. తొమ్మిదిలో ఉండగా ఒకరోజు రాత్రి లైట్లు ఆర్పేశాక డార్మిటరీలో బంతి ఆడుతూ కిటికీ అద్దం పగలగొట్టాను. సీనియర్ వచ్చి అందర్నీ వరసలో నిలబెట్టాడు. ఎవరు అన్నాడు. నేను మాట్లాడలేదు. నలభై మందిమీ ఆ చలిలో గ్రౌండ్ చుట్టూ పరిగెత్తాం. నా పక్క మంచం వాడికి జ్వరం, వాడూ పరిగెత్తాడు. వాడికి తెలుసు నేనేనని. చెప్పలేదు. మర్నాడు టిఫిన్ దగ్గర నా ప్లేటు వంక చూసి, "నువ్వే చెప్పాలిరా" అన్నాడు, అంతే. ఆ సాయంత్రం వెళ్లి చెప్పాను. వారం రోజులు ఆట బంద్. ఆ వారం గుర్తు లేదు. వాడు అన్న మాటే గుర్తుంది.

ఒక ఎపిసోడ్ చూస్తూ ఇది గుర్తొచ్చి టీవీ ఆపేశాను. తర్వాత పెద్దాయనకి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత వాళ్ల 'ఆనర్ కాన్సెప్ట్' గురించి చెప్పాడు. అబద్ధం ఆడకూడదు, మోసం చేయకూడదు, దొంగిలించకూడదు. 1950ల మొదట్లో దాన్ని ఒక పద్ధతిలోకి తెచ్చినవాళ్లలో రాస్ పెరో ఒకడు, తర్వాత అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినాయన. అప్పట్లో ఆయనా విద్యార్థే. వెస్ట్ పాయింట్ నియమంలో పక్కవాడు తప్పు చేస్తే సహించకూడదన్న మాట కూడా ఉంటుంది. అనాపొలిస్‌లో తప్పు చూసినవాడు పైవాళ్లకి చెప్పకముందు, నేరుగా ఆ మనిషి దగ్గరికే వెళ్లి మాట్లాడే వీలుంది. "నీ పక్క మంచం కుర్రాడు చేసింది అదే, మా నియమం తెలియకుండానే" అన్నాడు పెద్దాయన. మా వాడికి ఆ రాత్రే ఫోన్ చేశాను. అద్దం సంగతి వాడికి గుర్తే లేదు.

మొదటి ఏడాది వాళ్లని అక్కడ ప్లీబ్ అంటారు. సీనియర్ ప్రశ్నకి ప్లీబ్ చెప్పదగ్గ జవాబులు ఐదే: ఎస్ సర్, నో సర్, ఐ ఐ సర్ (చిత్తం, అలాగే చేస్తాను), ఐ విల్ ఫైండ్ అవుట్ సర్, నో ఎక్స్‌క్యూజ్ సర్. తెలీదు అనడం లేదు, కనుక్కుంటాను అనాలి. ఎందుకు లేటయిందంటే కారణం చెప్పకూడదు, సాకు లేదు సర్ అనాలి. కోరుకొండలోనో కలికిరిలోనో సైనిక్ స్కూల్లో చదివిన వాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే అడగండి, వాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఎన్‌డీఏ ఉన్న ఖడక్‌వాస్లాలో మొదటి టర్మ్ ఎలా ఉంటుందో ఈ ఒక్క ముక్కతో సగం ఊహించుకోవచ్చు. మీ బాబుకి పనికొచ్చేది ఇదే. సెలెక్ట్ అవడం ఎలా అని వంద చోట్ల చెబుతారు. సెలెక్ట్ అయ్యాక ఒక పద్దెనిమిదేళ్ల పిల్లాడి మనసు లోపల ఏం జరుగుతుందో ఈ పాత సిరీస్ చూపిస్తుంది.

లోపాలు లేవని అనను. అమెరికా నేవీ సహకారంతో తీసింది కాబట్టి అకాడమీ ఎప్పుడూ శుభ్రంగా, న్యాయంగానే కనిపిస్తుంది. ర్యాగింగ్ చేదు అందులో ఉండదు. చివరికి అన్నీ సర్దుకుంటాయి, అరగంటలో సర్దుకోవాలి కదా. 1949లోనే వెస్లీ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడు, ఆ జాతిలో మొట్టమొదటివాడు, అక్కడ పట్టా పుచ్చుకున్నాడు. నేను చూసిన ఎపిసోడ్లలో అలాంటి ముఖం ఒక్కటీ కనపడలేదు. అమ్మాయిలు సరేసరి, వాళ్లకి 1976 దాకా ప్రవేశమే లేదు. మన ఎన్‌డీఏలో 2022 నుంచి అమ్మాయిలు చేరుతున్నారు, మీ బాబుకి ఆ సంగతి కూడా చెప్పండి, వాడి బ్యాచ్‌లో వాళ్లూ ఉంటారు.

చూసే పద్ధతి ఒకటి చెప్తాను. వరసపెట్టి చూడకండి. వరసగా చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి, నాకు అలాగే అయింది. వారానికి ఒకటి చాలు. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టొచ్చు, ముందు కథ తెలియాల్సిన పనిలేదు. చూశాక, నువ్వయితే ఏం చేసేవాడివని మీ అబ్బాయిని అడగండి, అడిగి వదిలేయండి. మా పాపతో నేను అలాగే చేశాను. నాలుగో వారం అదే నన్ను అడిగింది, నాన్నా నువ్వయితే అని. అద్దం సంగతి దానికి అప్పుడే చెప్పాను.

ఎప్పుడైనా ఇటు వస్తే అకాడమీ లోపలికి వెళ్లి చూడొచ్చు. గేటు దగ్గర పెద్దవాళ్లు ఫొటో ఐడీ చూపించాలి, ఇండియా నుంచి వచ్చేవాళ్లు పాస్‌పోర్ట్ తెచ్చుకుంటే మేలు. బాన్‌క్రాఫ్ట్ హాల్ అని ఒకే హాస్టల్, దాదాపు 4,400 మంది విద్యార్థులూ అందులోనే ఉంటారు. దాని ఎదురుగా ఉన్న కంచు విగ్రహాన్ని టెకమ్సే అంటారు. నిజానికది టామనెండ్ అనే డెలావేర్ తెగ నాయకుడి బొమ్మ, ఒక పాత యుద్ధనౌక ముక్కున ఉండే చెక్క బొమ్మకి నకలు. పరీక్షలకి వెళ్తూ పిల్లలు దాని మీదికి ఒక పెన్నీ విసిరి, ఎడమ చేత్తో సెల్యూట్ కొడతారు, పాసవ్వాలని. సిరీస్‌లో ఆ ప్రాంగణం చూసిన కళ్లతో అక్కడ నిలబడితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మొదటిసారి పెద్దాయన నన్ను తీసుకెళ్లినప్పుడు జేబులోంచి రెండు పెన్నీలు తీసి ఒకటి నా చేతిలో పెట్టాడు. నాకే పరీక్షలూ లేవన్నాను. "విసురు" అన్నాడు. విసిరాను.