బ్రూమ్‌కు ఏ తేదీల్లో వెళ్లాలి?

ప్రశ్న: వచ్చే ఏడాది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాము. అక్కడి నుంచి ఉత్తరాన ఉన్న బ్రూమ్ అనే చిన్న రేవు పట్టణానికి నాలుగు రోజులు వెళ్లి రావాలని కోరిక. డిసెంబరు సెలవులు అనుకూలమేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: డిసెంబరు వద్దనే చెబుతాను. సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ ఉక్కపోతా, వానలూ, తుపాన్ల భయమూ ఉంటాయి. కేబుల్ బీచ్‌లో విషపు జెల్లీఫిష్‌ల బెడద కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. మే నుంచి సెప్టెంబరు వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. రోడ్డు మీద పెర్త్ నుంచి 2,200 కిలోమీటర్లకు పైగా దూరం కనుక, నాలుగు రోజులే ఉన్నవారికి విమానమే దారి.

నెల నిశ్చయించుకున్నాక, టికెట్లు కొనకముందే ఆటుపోట్ల పట్టిక చూడండి. ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టంలో తేడా అక్కడ కొన్ని రోజుల్లో దాదాపు 10 మీటర్లు, అంటే మూడంతస్తుల మేడంత! పౌర్ణమినాడూ, ఆ తర్వాతి ఒకటి రెండు రాత్రులూ, నీరు తీసిన రోబక్ అఖాతపు బురద నేల మీద చంద్రుడు ఎర్రగా పైకి వస్తుంటే, మడుగు మడుగులో వెలుగు పడి తీరం నుంచి చంద్రుడి దాకా మెట్లు కట్టినట్టు కనిపిస్తుంది. మార్చి నుంచి అక్టోబరు వరకే కనిపించే ఈ దృశ్యానికి టౌన్ బీచ్ మంచి చోటు. గాంథోమ్ పాయింట్ దగ్గర రాతిలో నిలిచిన సుమారు 13 కోట్ల ఏళ్లనాటి డైనోసార్ అడుగులూ, 1942 మార్చి 3న జపాన్ విమానాల దాడిలో కాలిపోయిన నీటి విమానాల శిథిలాలూ బయటపడేది కూడా నీరు బాగా తీసినప్పుడే. ఆ విమానాల్లో కొన్నింటిలో జావా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన స్త్రీలూ పిల్లలూ ఉన్నారు.

జపాను వారి శ్మశానాన్ని మాత్రం వదలకండి. గుండీల తయారీకి పనికివచ్చే ముత్యపు చిప్పల కోసం సముద్రపు అడుగుకు దిగినవారు 900 మందికి పైగా అక్కడి 707 సమాధుల్లో ఉన్నారు. తుపాన్లకు బలైనవారు కొందరైతే, లోతు నుంచి త్వరగా పైకి రావడంతో రక్తంలో నత్రజని బుడగలు కట్టి పోయినవారు మరికొందరు. తీరం నుంచి తెచ్చిన రంగురాళ్లనే చాలా సమాధులకు నిలిపారు; వాటి మీది జపాను అక్షరాలు చదవలేకపోయినా, ఆ వరుసల మధ్య నడిచినప్పుడు నా గొంతు పట్టేసింది.

ఆ విమాన శిథిలాల దాకా బురదలో నడవాలంటే స్థానికులను అడిగి, నీరు ఇంకా తీస్తుండగానే బయలుదేరి, పోటు మొదలయ్యే లోపే ఒడ్డుకు చేరండి. అక్కడి నుంచి చిన్న ముక్క కూడా తీయకూడదు. ఏరుల్లోకి మొసళ్లు వస్తాయి కనుక వాటిలో దిగవద్దు.