వేపపంగ నా చేతుల్లోనూ తిరిగింది

వేప కొమ్మతో పాయింటు చూపించి బోరు వేయిస్తే నీళ్లు పడతాయా అని అడిగారు. మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు. కొమ్మ తిరుగుతుంది, నేనే పట్టి చూశాను. నీళ్లు పడటం వేరే సంగతి.

2003 ఎండాకాలం. బత్తాయి తోట కళ్ల ముందే ఎండిపోతుంటే నాయిన పక్క మండలం నుంచి నీళ్లు చూసేటాయనను పిలిపించాడు. ఆయన చెప్పులు విడిచి, పచ్చి వేపపంగ విరిచి, రెండు కొసలు రెండు పిడికిళ్లలో బిగించి నడిచాడు. గట్టు దగ్గర మొన కిందికి వంగింది. అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయ కూడా అక్కడే లేచి నిలబడింది. "తమ్మీ, నీది ఓ పాజిటివ్ రక్తమేనా? అయితే పట్టు" అని పంగ నాకిచ్చాడు. అదే చోటికి రాగానే అది నా చేతుల్లో మెలితిరిగింది. ఆపుదామని బిగించినకొద్దీ ఇంకా తిరిగింది, అరచేతి తోలు లేచింది. ఆ రోజు నా అంత నమ్మినవాడు ఊళ్లో లేడు.

"మూడు వందల అడుగుల లోపల రెండించుల నీళ్లు పడ్తయన్నా" అని నాయినకు మాటిచ్చాడు.

బోరుబండి రాత్రి పదకొండుకు వచ్చింది. 40 అడుగుల వరకు మట్టి కూలకుండా కేసింగ్ పైపు, ఆ కింద గట్టి రాయి. తెల్లటి రాతిపిండి లేచి బత్తాయి ఆకుల మీద పడుతోంది. నాయిన బండి పక్కనే కూర్చొని, వచ్చిన పిండినల్లా గుప్పిట్లో పిసికి చెమ్మ కోసం చూశాడు. 200 అయింది, 300 అయింది. 360 దగ్గర ఆపమన్నాడు. అప్పటికీ దుమ్మే. నీళ్లు పడకపోయినా అడుగుల లెక్కన కట్టాల్సిందే, 300 దాటితే రేటు కూడా పెరుగుతుంది. అమ్మ గొలుసు పోయింది. పాయింటు చూసినాయనకు బండి ఏజెంటు దగ్గర వాటా ఉందని తర్వాత తెలిసింది. రైతును ఇట్లా ముంచుతుంటే అడిగే దిక్కు లేదు.

పొద్దున నాయనమ్మ అన్నది: "వాగొడ్డున మేడిచెట్టు నడి ఎండల గూడ పచ్చగుంటది, పక్కన పుట్ట ఉన్నది. ఆడ జూడక గట్టు మీద ఎందుకేపిచ్చినవ్ బిడ్డా?" పది రోజులకు అప్పు తెచ్చి అక్కడ వేస్తే 120 అడుగుల దగ్గర దుమ్ము ఆగి బురద వచ్చింది. 140కి ఒకటిన్నర ఇంచు నీళ్లు.

వంచి పట్టిన పంగ విల్లులా బిగిసి ఉంటుంది, మణికట్టు ఇసుమంత కదిలినా గిర్రున తిరుగుతుంది. మనకు తెలియకుండానే కండరాలు కదులుతాయని కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు 1852లోనే చెప్పాడు. మన వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో బృహత్సంహితలో నీళ్ల జాడకు ఒక అధ్యాయమే రాశాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, చెట్టుకు దక్షిణాన రెండు నిలువుల లోతులో తియ్యటి నీళ్లుంటాయంటాడు. మా నాయనమ్మకు చదువు రాదు, కానీ ఆమె చూసిందీ అదే. పేరున్న నీళ్లు చూసేవాళ్లంతా ముందు వాగు, చెట్టు, పల్లం చూసుకుని ఆ తర్వాతే కొమ్మ విరుస్తారని నా గట్టి నమ్మకం. మన రాతినేలలో నీళ్లుండేది పైనున్న మెత్తటి కుళ్లురాయిలో, దాని కింద పగుళ్లలో. ఆ పగులు ఎక్కడుందో వేప కొమ్మకు ఎట్లా తెలుస్తుంది?

మీరు అడగలేదు గానీ, నీళ్లు పడ్డాక ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. మాకు నీళ్లు పడ్డాయన్న సంబరంలో అది తట్టనే లేదు. రెండేళ్లు తాగాక చూపిస్తే 4 దాకా ఉంది. ఆ నీళ్లు తోటకే వదిలి, తాగడానికి డబ్బాలు కొనడం మొదలుపెట్టాం. అప్పటికి మా అన్న బిడ్డకు నాలుగేళ్లు. తర్వాత దానికి పాలపళ్లు ఊడి వచ్చిన కొత్త పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. ఫొటో తీస్తామంటే ఇప్పటికీ నోరు మూసుకునే నవ్వుతుంది.