జాబితాలో లేని విలువ వస్తే కోడ్ ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది కందుకూరు దగ్గర పల్లె. ఒంగోలులో ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ఎమ్మెస్ చేసి, ఈమధ్యే డల్లాస్‌లో ఉద్యోగంలో చేరాను. రాత్రిపూట ఖాళీగా నడిచే మెషీన్లను ఆపేసే ప్రోగ్రామ్ నాకు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌కి ఉన్న జావా లైబ్రరీలో పవర్ స్టేట్ (మెషీన్ నడుస్తోందా, ఆగిందా చెప్పే విలువ) మీద స్విచ్ రాస్తే కంపైల్ కాలేదు. ఇఫ్‌లు రాసి, చివరి ఎల్స్‌లో ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపేసే ఎర్రర్) వేశాను. సీనియర్ ‘ఇది ఎక్స్‌టెన్సిబుల్ ఈనమ్, ఇట్లా ఆపేస్తే కుదరదు’ అని కోడ్ రివ్యూలో వెనక్కి పంపాడు. మళ్ళీ అడిగితే ఏమనుకుంటాడోనని టెన్షన్. వీసా మీద ఉన్నవాణ్ణి కదా.

జవాబు: టెన్షన్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, ముందు ఈనమ్ సంగతి. ఈనమ్ అంటే ఒక విలువ ఏమేం కావచ్చో చెప్పే పేర్ల జాబితా; ఎక్స్‌టెన్సిబుల్ అంటే ఆ జాబితాలోకి తర్వాత కొత్త పేర్లు రావచ్చని.

నీది కందుకూరు కాబట్టి ఇది నీకు తేలిగ్గా ఎక్కుతుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు నెల్లూరు నుంచి అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు కందుకూరు మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. అదే రోజు గూడూరు తిరుపతి జిల్లాకీ, చీరాల బాపట్లకీ పోయాయి. ఆ ముందురోజు దాకా 13 పేర్లు కోడ్‌లో రాసిపెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఉందనుకో. తెల్లారి చీరాల ఆయన ‘బాపట్ల జిల్లా’ అని పంపిన దరఖాస్తును అది ‘అలాంటి జిల్లా లేదు’ అని తోసిపుచ్చుతుంది. జిల్లాలు ఎన్నో చెప్పాల్సింది ప్రభుత్వం, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడు కాదు. పవర్ స్టేట్‌లు ఎన్నో చెప్పాల్సింది కూడా అజూర్ సర్వీసే. నీ చేతిలో ఉన్న లైబ్రరీకి అది తయారైన నాటి జాబితా మాత్రమే తెలుసు.

అందుకే అజూర్ జావా లైబ్రరీలో ఇలాంటివి మామూలు ఈనమ్‌లు కావు. ‘ఎక్స్‌పాండబుల్ స్ట్రింగ్ ఈనమ్’ అనే క్లాసు నుంచి వస్తాయి. లోపల ఉండేది స్ట్రింగే (మామూలు టెక్స్ట్), పైన రన్నింగ్, స్టాప్డ్, డీఅలొకేటెడ్ అని తెలిసిన పేర్లు కాన్‌స్టంట్లుగా ఉంటాయి. జావా దాన్ని ఈనమ్‌గా చూడదు, అందుకే నీ స్విచ్ కంపైల్ కాలేదు. ఈక్వల్స్‌తో పోల్చుకోవాలి. డాట్‌నెట్‌లో అయితే ఇదే పనికి స్ట్రక్ట్ వాడతారు, అక్కడా కేస్ లేబుల్‌కి కాన్‌స్టంట్ కావాలి కాబట్టి ఇదే తంటా.

మూసేసిన జాబితా పెడితే ఏమవుతుందో చూడాలంటే అమెజాన్ పాత జావా లైబ్రరీ ఉంది, మొదటి వెర్షన్. అందులో రీజియన్ల (అమెజాన్ క్లౌడ్ డేటా సెంటర్లున్న ప్రాంతాల) పేర్లు అసలు ఈనమ్‌గానే రాశారు. 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ మొదలైంది. ఆ పేరు చేరకముందు వచ్చిన లైబ్రరీకి ‘ఏపీ సౌత్ 2’ అని ఆ రీజియన్ కోడ్ పేరు ఇచ్చి ఈనమ్ తెమ్మంటే ఎక్సెప్షనే వస్తుంది. రెండో వెర్షన్‌లో రీజియన్‌ను క్లాసుగా మార్చారు, ఏ పేరిచ్చినా తీసుకుంటుంది. మిగతా ఈనమ్‌లకు ‘అన్‌నోన్ టు ఎస్‌డీకే వెర్షన్’ (ఈ లైబ్రరీ వెర్షన్‌కి తెలియదు) అని ఒక విలువ పెట్టి, సర్వీసు పంపిన అసలు స్ట్రింగ్ చూసుకోవడానికి వేరే మెథడ్ ఇచ్చారు.

ఇక నీ ఎల్స్. ఎక్సెప్షన్ వేస్తే, ఒక్క మెషీన్‌కి కొత్త విలువ రాగానే మిగిలిన మెషీన్ల పని కూడా ఆగిపోతుంది. రాత్రి ఆన్‌కాల్‌లో (సమస్య వస్తే చూసే డ్యూటీలో) ఉన్నవాడు లేస్తాడు, తప్పేమో ఎక్కడా ఉండదు. అట్టాగని ఎల్స్‌లో ‘ఆగిపోయిందిలే’ అనుకుని వదిలేయడం ఇంకా ప్రమాదం. స్టాప్డ్‌కీ డీఅలొకేటెడ్‌కీ తేడా తెలుసు కదా: స్టాప్డ్‌లో ఉన్న మెషీన్‌కి కంప్యూట్ బిల్లు పడుతూనే ఉంటుంది, డీఅలొకేట్ చేస్తేనే, అంటే దాని హార్డ్‌వేర్‌ని అజూర్‌కి తిరిగి వదిలేస్తేనే, ఆగుతుంది. తెలిసిన పేర్లలోనే ఇంత తేడా ఉంటే, తెలియని పేరుకి నువ్వు అర్థం ఊహించడం ఏం న్యాయం?

నా లెక్కలో తెలియని విలువ వచ్చిన మెషీన్‌ని ముట్టుకోకూడదు. వచ్చిన స్ట్రింగ్‌ని ఉన్నదున్నట్టు లాగ్‌లో రాసి, తర్వాతి మెషీన్‌కి పోవాలి. ఆపడం, చెరిపేయడం లాంటి పనులు పేరు పెట్టి పోల్చిన విలువలకే చేయాలి. ఇంకో మెలిక ఉంది: పవర్ స్టేట్‌లో అన్‌నోన్ అనే కాన్‌స్టంట్ కూడా ఉంది. అది నీ లైబ్రరీకి తెలియని విలువ కాదు, స్థితి తెలియదని సర్వీసే చెప్పే విలువ. రెండూ ఒకే ఇఫ్‌లో పడేయకు. నల్ (అసలు విలువే లేకపోవడం) కూడా రావచ్చు, అది వేరే చూసుకో.

ఏదైనా పని పూర్తయిందా అని పదేపదే అడిగే చోట అజూర్ నియమం సూటిగా ఉంది. సక్సీడెడ్, ఫెయిల్డ్, క్యాన్సిల్డ్ ఈ మూడే ముగింపు; ఇంకేం వచ్చినా పని నడుస్తున్నట్టే లెక్క. కొత్త పేరొచ్చినా నీ లూప్ తిరుగుతూనే ఉంటుంది. టైమ్‌అవుట్ పెట్టడం మాత్రం మర్చిపోకు.

‘ఫ్రమ్ స్ట్రింగ్’ మెథడ్ దగ్గర జాగ్రత్త. స్పెల్లింగ్ తప్పిచ్చినా నోరెత్తదు, ఆ తప్పు పేరుతోనే కొత్త విలువ తయారుచేసి ఇస్తుంది. కాన్‌స్టంట్ ఉన్నప్పుడు కాన్‌స్టంటే వాడు. ‘వాల్యూస్’ మెథడ్ ఇచ్చే జాబితాలో ప్రోగ్రామ్ నడుస్తుండగా పుట్టినవి కూడా కలుస్తాయి కాబట్టి దానితో స్క్రీన్ మీద డ్రాప్‌డౌన్ నింపొద్దు. డేటాబేస్‌లో మామూలు టెక్స్ట్ కాలమ్‌లో పెట్టు, అక్కడ మళ్ళీ ఈనమ్ టైపు పెట్టావంటే కథ మొదటికొస్తుంది.

టెన్షన్ గురించి. మన కాలేజీల్లో సందేహం అడిగితే ‘ఇంతకాలం ఏం చదివావ్’ అనేవాళ్ళు కాబట్టి ఆ భయం ఇంకా ఉంటుంది. ఇక్కడ రివ్యూలో తిరిగి అడగడం రోజువారీ పని. అడక్కుండా రెండు రోజులు నలిగితేనే మేనేజర్‌కి కంగారు. వీసాకీ దీనికీ ముడిపెట్టుకోకు. అయితే ఉత్తినే ‘అర్థం కాలేదు’ అనకు, నువ్వేం చేయబోతున్నావో చెప్పి అడుగు.

ముందు ఒక టెస్ట్ రాయి: ‘ఫ్రమ్ స్ట్రింగ్’తో ఎక్కడా లేని పేరొకటి పుట్టించి, ఆ మెషీన్‌ని ప్రోగ్రామ్ వదిలేసిందా, తర్వాతి మెషీన్‌ని ఆపిందా చూడు. అది పాసయ్యాక రివ్యూలో ఇట్లా పెట్టు: ‘తెలియని పవర్ స్టేట్ వస్తే లాగ్ రాసి వదిలేస్తున్నాను, మెషీన్‌ని ఆపడం లేదు. టెస్ట్ జత చేశాను. వరసగా చాలా మెషీన్లకు ఇలాగే వస్తే అలర్ట్ పంపాలా?’ ఆ చివరి ప్రశ్నకి జవాబు మీ టీమే చెప్పాలి, నేను చెప్పలేను.