దూరపు గెలాక్సీల వెలుగు దారిలో అలిసిపోతుందా?

"విశ్వం వ్యాకోచించడం లేదు, దూరపు గెలాక్సీల వెలుగు దారిలో శక్తి పోగొట్టుకుని ఎర్రబడుతోంది అంతే అని ఒక వీడియోలో చెప్పారు, నిజమేనా" అని అడిగారు. నిజం కాదండి. పైగా ఆ వీడియో వాళ్ళేదో నిన్న కనిపెట్టినట్టు బిల్డప్ ఇస్తున్నారు గానీ ఇది 1929 నాటి సరుకు. ఫ్రిట్జ్ జ్వికీ అని అమెరికాలో కాల్‌టెక్‌లో ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు, స్విస్ మనిషి, నోటి దురుసు ఎక్కువ, బుర్ర అంతకంటే ఎక్కువ. దూరం పెరిగేకొద్దీ రెడ్‌షిఫ్ట్, అంటే వెలుగు ఫ్రీక్వెన్సీ తగ్గి ఎరుపు వైపు జరగడం, పెరుగుతోందని ఖగోళ శాస్త్రవేత్త హబుల్ పేపర్ వేసిన ఏడాదే, గెలాక్సీలు పరిగెత్తక్కర్లేదు, వెలుగే అలిసిపోతుండొచ్చు అన్నాడు. టయర్డ్ లైట్ అంటారు దీన్ని. ఇంటర్ పిల్లలకి ఒక పీరియడ్ ఈ ఓడిపోయిన సిద్ధాంతం చెప్పాలని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను, వినేవాడు లేడు.

దీని మీద నాకు దొరికిన అసలైన వాదన క్లాసులో కాదు, మా వీధి చివర పెద్దాయన దగ్గర దొరికింది. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఓ ఆదివారం పొద్దున్నే స్పైరల్ బైండింగ్ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు, పైన ప్లాస్టిక్ షీటు, మొదటి పేజీలో వినాయకుడు, లోపలంతా ఎర్ర ఇంకుతో స్కేలు పెట్టి గీసిన బొమ్మలు. "మాస్టారూ, సబ్‌స్టేషన్ పక్కింట్లో బల్బు తెల్లగా వెలుగుద్ది, ఫీడర్ చివర పొలంలో అదే బల్బు ఎర్రగా గుడ్డిగా వెలుగుద్ది. మిగతాది తీగలోనే పోయింది. ఈ కాస్త దూరానికే ఇంత పోతే కోట్ల ఏళ్ళు నడిచొచ్చిన వెలుగుకి పోదా?"

నాకు ముచ్చటేసింది, మా స్టాఫ్ రూములో ఎవరూ ఇంత పదునుగా అడగరు. కాఫీ ఇచ్చి "లైన్ లాస్‌లో వోల్టేజీ పడిపోద్ది సరే, ఫ్రీక్వెన్సీ సంగతేంటండీ?" అన్నాను. గ్లాసు అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించి "అది యాభైకి యాభై ఉంటదండీ, ఎంత దూరం పోయినా" అన్నారు. రెడ్‌షిఫ్ట్‌లో పడేది ఆ ఫ్రీక్వెన్సీయే కదా మరి. బల్బు ఎర్రబడేది ఫిలమెంట్ సరిగ్గా వేడెక్కక. పోనీ దారిలో ఎలక్ట్రాన్లకో దేనికో గుద్దుకుని శక్తి పోయిందనుకుందామా, గుద్దుకున్న వెలుగు దారి కూడా మళ్ళుతుంది, అప్పుడు దూరపు గెలాక్సీలన్నీ అలికేసినట్టు కనబడాలి, అలా లేవు.

ఆయన తగ్గలేదు, "గుద్దుకోకుండా దానంతటదే నీరసపడుద్దేమో" అన్నారు. అప్పుడు సూపర్నోవా, అంటే నక్షత్రం పేలుడు, సంగతి తీశాను. టైప్ 1ఏ రకం పేలుళ్ళు వెలిగి ఆరే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఇవాళ బయల్దేరిన వెలుగు, 20 రోజుల తర్వాత బయల్దేరిన వెలుగు, రెండిటికీ అదే దూరం అదే వేగం, ఎంత అలిసినా ఇక్కడికి కూడా 20 రోజుల తేడాతోనే రావాలి. కానీ వెలుగు అలలు ఒకటిన్నర రెట్లు సాగిన చోట, అంటే రెడ్‌షిఫ్ట్ 0.5 దగ్గర, పేలినవాటికి ఆ 20 రోజులు మనకి 30 రోజులుగా కనబడతాయి. మధ్యలో జాగా సాగితేనే అలా అవుతుంది. 1990ల్లో ఇది కొలిచి చూపించారు, టయర్డ్ లైట్ కథ అక్కడితో సరి. తమాషా ఏంటంటే సూపర్నోవా అనే పేరు 1934లో వాల్టర్ బాడేతో కలిసి వాడుకలోకి తెచ్చింది ఈ జ్వికీయే.

అన్నట్టు కాంతి వేగం మన పూర్వీకులకి ముందే తెలుసంటూ వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 14వ శతాబ్దంలో విజయనగరం బుక్కరాయల కాలం నాటి వేద భాష్యకారుడు సాయణుడు సూర్యుడి గురించి అర నిమేషానికి (నిమేషం అంటే రెప్పపాటు) 2202 యోజనాలు (యోజనం పాతకాలపు దూరం కొలత) అన్నాడు, అది కాంతి వేగమే అంటారు. యోజనానికి 9 మైళ్ళు వేస్తేనే లెక్క కుదురుతుంది. ఆర్యభటుడు భూమి వ్యాసం 1050 యోజనాలన్నాడు, ఆ లెక్కన యోజనం 12 కిలోమీటర్ల చిల్లర, దాంతో కట్టి చూడండి, సెకనుకి రెండున్నర లక్షల కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. జవాబు ముందే తెలిస్తే కొలబద్ద మనిష్టం.

పెద్దాయన ఊరుకుంటారా, నెల తిరక్కుండా కొత్త అట్టతో వచ్చారు, ఈసారి వెలుగు వేగమే పూర్వం ఎక్కువట, తగ్గుతూ వచ్చిందట. దీనికీ పాత హక్కుదారు ఉన్నాడు, ఆస్ట్రేలియాకి చెందిన బారీ సెటర్‌ఫీల్డ్, 1980ల్లో. విశ్వం వయసు కొన్ని వేల ఏళ్ళే అని నమ్మితే దూరపు చుక్కల వెలుగు ఇక్కడికెలా చేరిందనే చిక్కొస్తుంది, దానికోసం వేసిన ఎత్తు. మాగేజో, ఆల్బ్రెక్ట్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1999లో వేగం మారి ఉండొచ్చన్నది వేరే సంగతి, వాళ్ళు మాట్లాడింది విశ్వం తొలి క్షణాల గురించి. సెటర్‌ఫీల్డ్ చూపించింది మాత్రం పాత కొలతల్ని. సరే, అన్నిటికంటే పాత కొలతే తీయండి. 1676లో రోమర్ గురుగ్రహం చందమామ అయో గ్రహణాలు చూసి, భూమి కక్ష్యని అడ్డంగా దాటడానికి వెలుగుకి 22 నిమిషాలు పడుతుందన్నాడు, నిజానికి పట్టేది 16న్నర. అంటే పాత వేగం ఇప్పటికంటే తక్కువ, సెకనుకి సుమారు 2,20,000 కిలోమీటర్లు! తర్వాత 1849లో ఫిజో 3,15,000 దాకా పోయాడు, 1926లో మైకెల్సన్ 2,99,796 దగ్గరికొచ్చాడు, 1983లో సెకనుకి 29,97,92,458 మీటర్లని నిర్వచనంగానే కట్టేశారు. దీంట్లో తగ్గుతూ వచ్చింది ఎక్కడుంది, పరికరాలు బాగుపడేకొద్దీ అటూ ఇటూ ఊగి ఒకచోట నిలబడింది. మీరు చూసిన వీడియో కింద కూడా ఆ 20 రోజులు, 30 రోజుల ప్రశ్న పెట్టండి, ఏమంటారో నాకూ చెప్పండి.