ఇంట్లో చేసిన గ్రానోలా కరకరలాడకుండా మెత్తగా వస్తోంది. ఇంకా ఎంతసేపు బేక్ చేయాలి?

అసలు ఇంకాసేపు బేక్ చేయాలనుకోవడమే తప్పు. గ్రానోలా అంటే ఓట్స్, గింజలు తేనెతో కలిపి బేక్ చేసేదే కదా, అది కరకరలాడేది ఓవెన్‌లో ఉన్నప్పుడు కాదు, బయటికి తీసి చల్లార్చాక. వేడి మీద ఓట్స్‌కి పట్టిన తేనె జారుగానే ఉంటుంది. చల్లారితేనే బిగుస్తుంది. ట్రే తీసిన వెంటనే నోట్లో వేసుకుంటే ఎంత బాగా వేగినా మెత్తగానే తగులుతుంది. అది చూసి కంగారుపడి మళ్లీ లోపల పెడతారు. నాకు తెలిసి గ్రానోలా పాడయ్యేదంతా అక్కడే.

ఇదే మాట మా ఆడపడుచుకి ఎంత చెప్పినా ఎక్కలేదు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు పొద్దున తినడానికి చేద్దామని ఇద్దరం మొదలుపెట్టాం. తను ఓవెన్ ముందే కాపలా కూర్చుంది. తలుపు తీయడం, నాలుగు గింజలు నోట్లో వేసుకోవడం, "వదినా, ఇంకా మెత్తగానే ఉంది" అనడం. "రంగు వచ్చింది, ఇక తీసెయ్యి" అంటాను నేను. "మరో పది నిమిషాలు ఉంచుదాం" అంటుంది తను. మా ఆయనని అడిగితే చెల్లెలి వైపు చెప్పలేక, నా వైపు చెప్పలేక ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బాల్కనీలోకి వెళ్లిపోయాడు. చివరికి ట్రేలో సగం నేను పళ్లెంలోకి తీసుకున్నాను, మిగతా సగం తను మళ్లీ లోపల పెట్టింది.

కాసేపటికే వాసన మారిపోయింది. ట్రే బయటికి తీసేసరికి బాదం పలుకుల అంచులు నల్లబడి ఉన్నాయి. ఈలోగా నా పళ్లెం చల్లారింది. తను ఒక పెళ్ల విరిచి నోట్లో పెట్టుకుంటే ఆ చప్పుడు నాకు ఇవతలికి వినిపించింది. తన సగం చేదు. ఒప్పుకుందా? "మీ తేనె మంచిది కాదు వదినా" అంది!

నిజం చెప్పాలంటే తేనె మీద వేసిన నింద పూర్తిగా అబద్ధం కూడా కాదు. పంచదార కంటే తేనె తొందరగా రంగు తిరుగుతుంది. అందుకే మంట ఎక్కువ పనికిరాదు. నేను 150 డిగ్రీలు దాటనివ్వను. 3 కప్పుల రోల్డ్ ఓట్స్, ఒక కప్పు బాదం, వాల్‌నట్స్, గుమ్మడి గింజలు కలిపి, మూడో వంతు కప్పు నూనె, అంతే తేనె, అర చెంచా ఉప్పు, కాస్త దాల్చిన చెక్క పొడి. ఉప్పు మాత్రం మానకండి, అది లేకపోతే ఒట్టి తీపి. 25 నుంచి 30 నిమిషాలు చాలు, కానీ గడియారం కంటే రంగునే నమ్మండి. లేత బంగారు రంగు రాగానే తీసేయాలి. ట్రే వేడికి ఇంకాస్త రంగు ఎలాగూ వస్తుంది.

పెళ్లలుగా రావాలంటే మధ్యలో ఒక్కసారే కలిపి, గరిటె వెనకవైపుతో గట్టిగా అదిమి వదిలేయండి. తీశాక గంటసేపు ముట్టుకోవద్దు. గిలకొట్టిన గుడ్డు తెల్లసొన ఒకటి ముందే కలిపితే ఇంకా బాగా అంటుకుంటాయి. ఇన్‌స్టంట్ ఓట్స్ వాడితే పొడి తప్ప పెళ్లలు రావు.

ఇక వీడియోల్లో ఎండుద్రాక్షని మొదట్లోనే ఓట్స్‌తో కలిపి ఓవెన్‌లో పెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. బయటికొచ్చేసరికి అవి రాళ్లవుతాయి. పళ్లూడితే వాళ్లు బాధ్యత తీసుకుంటారా? ఎండు పండ్లు ఏవైనా సరే చల్లారాకే కలపాలి. ఇంకో గొడవ, ఏ ట్రే ఎంత పెద్దదో ఒక్కళ్లూ చెప్పరు. చిన్న ట్రేలో మందంగా పోస్తే పైన మాడుతుంది, అడుగున తడిగా ఉండిపోతుంది. మీది మెత్తగా రావడానికి ఇది కూడా కారణం కావచ్చు, పలచగా పరిచి చూడండి.

ఇంత చెప్పాక ఒక మాట అనకుండా ఉండలేను. గ్రానోలాని ఆరోగ్యం పేరు చెప్పి గిన్నెలకొద్దీ తినేవాళ్లున్నారు. దీని పుట్టుక ఆరోగ్యం కోసమే, కాదనను. 1863లో అమెరికాలో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే ఆయన తన ఆరోగ్య కేంద్రంలో గ్రానులా అని ఒకటి తయారుచేశాడు. గోధుమ పిండిని కాల్చి, విరిచి, మళ్లీ కాల్చినది. ఎంత గట్టిగా ఉండేదంటే రాత్రంతా నానబెడితే తప్ప తినలేకపోయేవారట. అందులో ఇప్పటిలా తేనె, నూనె ఎక్కడివి? పైన నేను చెప్పిన కొలతలతో చేసినదే 100 గ్రాములకి 450 కేలరీలు దాటుతుంది. బయట కొనే ప్యాకెట్ వెనక పదార్థాల వరస చూడండి, ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. రెండో పేరే పంచదారో, ఏదో సిరప్పో అయితే అది పొద్దున తినే బిస్కెట్ కిందే లెక్క. ఇంట్లో చేసుకుంటే తీపి ఎంత వేయాలో మన చేతిలో ఉంటుంది. నేను చేసుకునేది ముఖ్యంగా అందుకే. పెరుగు మీద ఒక గుప్పెడు చల్లుకోండి, అదీ తినబోయే ముందే. ముందే కలిపి పెట్టి, తర్వాత మెత్తబడింది అంటే ఓవెన్ ఏం చేస్తుంది?